హరిదాస్ పాట బయటికెలా వచ్చింది

హరిదాస్‌కు ఎవరిమీదా నమ్మకం ఉండేది కాదు. అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, ఉద్యోగం నేర్పింది. రికార్డుల కంపెనీలో సేల్స్‌మన్‌గా చేరి సింగపూర్ శాఖకు అధిపతి అయ్యేదాకా ఆయన పనిలో సగం దొంగ క్యాసెట్లు పట్టుకోవడమే. దుకాణంలోకి వెళ్తే ముందు యజమాని ముఖం చూసేవాడు, ఆ తర్వాతే అరలవైపు తిరిగేవాడు.

అంతకుముందు ఆయన గాయకుడు. తాతల కాలంలో విశాఖ వైపు నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చిన కుటుంబం. తండ్రి నేవల్ బేస్‌లో పని దొరికి సింగపూర్‌లో స్థిరపడ్డాడు. అరవైలలో కుర్రాళ్లందరికీ గిటార్ పిచ్చి పట్టినప్పుడు హరిదాస్ కూడా ఒక బీట్ గ్రూపు కట్టాడు. పేరు డాక్‌సైడ్ ఫోర్. మేనత్త కొడుకు యర్రయ్య డ్రమ్స్ వాయించేవాడు, ఇద్దరు స్నేహితులు గిటార్లు పట్టేవారు, హరిదాస్ ముందు నిలబడి ఇంగ్లీషులోనూ మలయ్‌లోనూ పాడేవాడు. సాయంత్రం పూట జరిగే వాళ్ల టీ డాన్సులకు అమ్మాయిలు ముందే వచ్చి, కుర్చీల మీద రుమాళ్లు వేసి చోప్ చేసుకునేవారు, అంటే సీట్లు ఆపుకునేవారు.

రెండు రికార్డులు వచ్చాయి. మూడోది ఒక మలయ్ పాట. రికార్డింగ్ అయింది కాని అమ్మకానికి రాలేదు. ఆ రోజుల్లో జుట్టు పెంచిన మగవాళ్లంటే సర్కారుకు గిట్టేది కాదు. హరిదాస్ జుట్టు కత్తిరించుకుని, ఆ రికార్డులు వేసిన కంపెనీలోనే ఉద్యోగానికి చేరాడు. యర్రయ్య కత్తిరించుకోలేదు. గ్రూపు విడిపోయింది. బావల మధ్య మాటలూ ఆగిపోయాయి.

తొంభై తొమ్మిదిలో పాటలు ఇంటర్నెట్‌లోకి జారిపోవడం మొదలైంది. పాత టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి కంపెనీ ప్రేమ్ అనే గుంటూరు ఇంజనీరును తీసుకుంది. తెలుగువాడని మిగతావాళ్లు హరిదాస్‌ను అభినందించారు. ఆయన మాత్రం అతని మీద మరికాస్త ఎక్కువ కన్నేసి ఉంచాడు.

ఒకరోజు ప్రేమ్ ల్యాప్‌టాప్ పట్టుకుని ఆయన గదిలోకి వచ్చాడు.

“సార్, ఒక వెబ్‌సైట్‌లో దొరికిందండి. ఇది మీ వాయిసేనా?”

ఇరవై ఏళ్ల హరిదాస్ పాడుతున్నాడు. ఆ మూడో పాట. ఆయన ఒక చరణం విని, చెయ్యి చాచి ఆపేశాడు.

“టేపుల గది తాళం ఎవరి దగ్గరుంది?”

“నా దగ్గరేనండి.” ప్రేమ్ ముఖంలో సంతోషం మెల్లగా పోయింది. “సార్, నేను నెట్‌లో విన్నానంతే. మీరు హ్యాపీగా ఫీలవుతారని...”

“తాళం ఇక్కడ పెట్టి వెళ్లు.”

మర్నాటి నుంచి ప్రేమ్‌కు టేపుల గదిలోకి ప్రవేశం లేదు. అతను ఎవరితో భోజనానికి వెళ్తున్నాడో, ఫోన్ మోగితే ఎందుకు బయటికి నడుస్తున్నాడో హరిదాస్ గమనించేవాడు. దొంగే ముందుగా వచ్చి దొంగతనం గురించి చెప్పడం ఆయన ఇదివరకు చూశాడు.

వారం చివర, ప్రేమ్ మీద ఫిర్యాదు రాసే ముందు ఆ పాటను ఆఖరిదాకా విన్నాడు. చివరి దరువు ఆగాక, నవ్వుతూ ఒక గొంతు తెలుగులో అంది: “ఈసారి బానే వచ్చింది బావా.”

కంపెనీ టేపు తీయించి విన్నాడు. అందులో ఆ మాట లేదు, ఎప్పుడో కత్తిరించేశారు. బయటికొచ్చింది రికార్డింగ్ రోజే స్టూడియోలో తీసుకున్న కాపీ. అడిగి మరీ తీసుకున్నది యర్రయ్య ఒక్కడే.

ఆ సాయంత్రమే బుకిట్ బటోక్‌లోని యర్రయ్య ఇంటికి వెళ్లాడు. యర్రయ్య కూతురు శాలిని తలుపు తీసింది. జురాంగ్ ఐలాండ్ ఫ్యాక్టరీలో షిఫ్ట్ ముగించుకుని వచ్చిన యర్రయ్య బనీనుతో కూర్చుని ఉన్నాడు.

“పాట నువ్వే బయటపెట్టావా?” హరిదాస్ నిలబడే అడిగాడు.

“నేనే అప్‌లోడ్ చేశా లా, అంకుల్,” అంది శాలిని సింగపూర్ యాసలో. “క్యాసెట్ ఇంట్లోనే ఉంది. నాన్న డ్రమ్స్ అందరూ వినాలి కదా. వై, కెనాట్? వినకూడదా?”

“అది కంపెనీ సొత్తమ్మా.”

“కంపెనీ,” అన్నాడు యర్రయ్య. “ఆ రికార్డు తొక్కిపెట్టి నువ్వు కుర్చీ ఎక్కిన కంపెనీయేనా?”

“తొక్కిపెట్టింది నేనా? జుట్టు తీయించుకోకపోతే కవర్ మీద మన ఫోటో వెయ్యం, రికార్డు విడుదల చెయ్యం అన్నారు. నువ్వు ససేమిరా అన్నావని మేనేజరే నాతో చెప్పాడు.”

“నన్నెవడూ అడగలేదు బావా. కొత్త గ్రూపు పెట్టుకోడానికి నువ్వే ఆ పాట వద్దన్నావని చెప్పాడు నాకు.”

ఆ మేనేజరు పోయి చాలా ఏళ్లయింది. అడగడానికి ఎవరూ లేరు.

“నిజమే చెప్తున్నావా?” అన్నాడు హరిదాస్.

“నువ్వు?” అన్నాడు యర్రయ్య.

శాలిని కాఫీ తెచ్చింది. హరిదాస్ కూర్చున్నాడు. జుట్టు నెరిసిన ఆ ఇద్దరూ చాలాసేపు వేరే సంగతులే మాట్లాడుకున్నారు. చివరికి పాట వేయమని యర్రయ్యే కూతురికి చెప్పాడు.

సోమవారం హరిదాస్ ప్రేమ్‌ను పిలిచి తాళం తిరిగిచ్చాడు.

“పొరపాటు నాదేనయ్యా. నీ పని నువ్వు చేసుకో.”

ప్రేమ్ తాళం తీసుకుని థాంక్యూ అన్నాడు. ఆ నెలలోనే ఒక డాట్‌కామ్ కంపెనీలో చేరిపోయాడు. వెళ్లేముందు గదిలో ఒక్కో టేపు లెక్క చూపించి, హరిదాస్ చేత సరేననిపించుకున్నాడు. ఆ జాగ్రత్త ఎందుకో ఇద్దరికీ తెలుసు.

నెట్‌లోంచి పాట తీయించమని కంపెనీ లాయర్లు అడిగినప్పుడు హరిదాస్ ఏదో ఒక సాకు చెప్పి నాన్చాడు. కొన్నాళ్లకు ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి: పాట పెట్టింది పెద్దాయనే అయ్యుంటాడని. ఆయన చెవినా పడ్డాయి. కాదని చెప్పాలంటే శాలిని పేరు చెప్పాలి. చెప్పలేదు.