బండి వెనుక కూర్చున్న మనిషి

పరికరం బిగించి, పనిచేస్తుందని నోటిమాటగా చెప్పి పంపేవారే నేడు ఎక్కువ. కనుక కోలారు బంగారు గనుల ఊరిలో బడిపంతులుగా ఉండగా నేనెరిగిన ఒక మెకానిక్కును గురించి వ్రాసి ఉంచడం అవసరమని తోచింది.

గనులు మూతపడక ముందు ఆయన, కార్మికులను లోపలికి దించే కేజ్ అనే ఇనుప బోనుకు తాళ్ళు మరమ్మతు చేసేవాడు. తరువాత కార్లకు రివర్స్ కెమెరాలు బిగించసాగాడు.

నా ఎస్‌యూవీకి కెమెరా బిగించిన ఉదయం, "ఎనక్కి తిరిగి చూడొద్దు సార్. తెర చూసుకోనే రాండి" అని చెప్పి పక్కకు వెళ్ళాడు. తెర వెలిగేవరకు నేను ఆగవలసింది. ఆగకుండా బండిని వెనుకకు నడిపాను. వెలిగిన తెరలో ఒక నెరసిన తల, ఒక వీపు కనిపించాయి. బ్రేకు తొక్కి దిగాను. బంపరుకు జానెడు దూరంలో, బండికి వీపు పెట్టి ఆయన నేలమీద కూర్చుని ఉన్నాడు.

"మతి పోయిందా నీకు?" అని అరిచాను.

"బళ్ళో అందరికీ పరీక్ష పెట్టినోరు, నా పరీక్షకే కోపమా సార్?" అని నవ్వాడు.

"ఇటు తిరిగి అయినా కూర్చోరాదా?"

"బండి కనపడితే లేచేస్తాను కదా సార్. ఇంగ క్యామెరా సరిగ్గా ఉండేది యెట్ల తెలిసేది? గనిలో తాడు కట్టినోడే మొదట కేజ్‌లో దిగల్లని రూలు. బండికి వేరే న్యాయం ఉండాదా?"

ప్రతి బండి వెనుకా ఆయన అలాగే కూర్చునేవాడని తరువాత తెలిసింది.

గనుల ఆచారం ఆయన నోట విన్నదే. పొరపాటుంటే అక్కడ పనిచేసినవారు దిద్దగలరు. జానెడని వ్రాశాను. బెత్తెడేనని ఆనాడు చూసినవారెవరైనా అంటే, అదీ దిద్దండి, నేను వాదించను.