పిండి గిర్నీ తాతకు కబురు

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంటి నుంచి సైదాబాద్‌లోని బడికి అరగంట నడక. నాకు ఎనిమిదేళ్లు, నోట్లో నాలుక లేని పిల్లను. మా నాన్న లారీ నడిపేవాడు, వెళ్తే వారం దాకా రాడు. అమ్మ చంకలో పసిబిడ్డ. దారిలో కుక్కలున్నాయని నేను రోజూ ఏడుస్తుంటే నాన్నకు విసుగొచ్చింది. తను తిరిగొచ్చేలోపు ఒక్కదాన్నే వెళ్లడం నేర్చుకోకపోతే బడి మాన్పిస్తానన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి.

అప్పుడు పక్కింటి అక్క నాకొక పని అప్పజెప్పింది.

"పోయేటప్పుడు గిర్నీ తాతను నా పిండి అయ్యిందా అని అడుగు. కట్టెలమ్మే అవ్వకు మాపటికి ఒస్తనని చెప్పు. మర్చిపోకు బిడ్డా."

పెద్దవాళ్ల కబురు మోస్తున్నానన్న గొప్పలో కుక్కల సంగతే మరిచిపోయాను. అలా రోజూ ఏదో ఒక కబురు. పిండి మర నడిపే గిర్నీ తాత మాత్రం రోజూ "ఇంక గాలేదని చెప్పు" అనేవాడు. ఆ గోధుమలు ఎన్నాళ్లకీ పిండి కావేమిటన్న అనుమానం నాకు రాలేదు. అంత తెలివే ఉంటే ఇంకేం!

ఒకరోజు వానలో జారిపడ్డాను. కాలు మెలిక పడి లేవలేక, రాయి మీద కూర్చుని ఏడుస్తున్నాను. కాసేపటికి నెత్తిన గోనెసంచి కప్పుకుని గిర్నీ తాత వచ్చాడు. మిషన్ ఆపేసి వచ్చాడట. నన్ను ఎత్తుకుంటే ఆయన చేతులకున్న పిండి తడిసి నా భుజానికి ముద్దగా అంటుకుంది.

"నీ కబురు రాలే. గందుకే ఒచ్చిన," అన్నాడు.

అక్క ఇచ్చిన గోధుమలేవీ గిర్నీలో లేవని అప్పుడు తెలిసింది. పిల్ల రాకపోతే ఎదురెళ్లి చూడమని అక్క ముందే ఆ దారిలో అందరికీ చెప్పి పెట్టిందట. నాన్న వచ్చేసరికి నా భయం పోయింది, బడి నిలిచింది.

నిరుడు నా మనవరాలు తానూ బడికి నడిచి వెళ్తానంది. దాని బడి మా ఇంటికి పది నిమిషాలే. కొడుకూ కోడలూ వద్దంటే నేనే పెద్దరికం చేసి ఒప్పించాను. దానికి నా కథంతా చెప్పాను. నువ్వు రాకపోతే ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారని ధైర్యం చెప్పాను. అక్కలాగే ముందు వెళ్లి మందుల షాపతనికీ, మూలమీది అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కూ చెప్పి వచ్చాను. షాపతను ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే సరే సరే అన్నాడు. వాచ్‌మన్ మూడో రోజుకే మారిపోయాడు. ఆ సంగతి నాకు తెలియలేదు.

నాలుగో రోజు, పిల్ల రాలేదని బడి నుంచి ఫోన్ వచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. ఫుట్‌పాత్ మీద వరసగా నిలిపిన బండ్ల పక్కన అది కూర్చుని ఉంది. ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చిన బైకు తగిలి మోకాలు చీరుకుపోయింది, రక్తం సాక్సులోకి దిగి గడ్డకట్టింది. జనం దాన్ని తప్పుకుని నడిచిపోతున్నారు. ఇంటికి నాలుగడుగులే కదా, కుంటుతూ అయినా వచ్చేయకపోయావా అని అరిచాను. కోపమంతా నా మీద, అరుపు మాత్రం దాని మీద.

"కూసునే ఉన్న నానమ్మా. ఎవరో ఒకరు ఒస్తరన్నవ్ కదా," అంది.

సాక్సు విప్పి, నా కొంగుతో దాని మోకాలు కట్టాను.

ఇప్పుడది పదిమంది పిల్లలతో ఆటోలో కుక్కుకుని వెళ్తోంది. మళ్లీ నడుస్తానని ఎన్నడూ అడగలేదు, నేనూ అనలేదు. గిర్నీ తాత తడిపిండి చెయ్యి ఇప్పటికీ నా భుజం మీద ఉన్నట్టే ఉంటుంది. ఆ భరోసాతోనే ఇన్నేళ్లు నడిచాను. ఆ భరోసానే నా మనవరాలికిచ్చి, దాన్ని ఆ రోడ్డు పక్కన కూర్చోబెట్టాను.