వదిన నడిపిన ఆట

తొంభైల మొదట్లో, నేను కాలేజీలో చేరిన ఏడు, అన్న పుణె వెళ్లి పాత పుస్తకాల బజారు నుంచి మూడు ఇంగ్లీషు పుస్తకాలు తెచ్చాడు. మూడూ ఒకే ఆటకు సంబంధించిన నియమాలు. ఒకరు కథ చెబుతుంటే మిగతావాళ్లు తలా ఒక పాత్రగా మారి, తామేం చేస్తారో నోటితో చెప్పాలి. అది ఫలించిందో లేదో పాచికలు తేలుస్తాయి. సోలాపూర్‌లో మగ్గాల పని చేసుకునే తెలుగువాళ్లుండే మా నీలం నగర్‌లో అలాంటి ఆట ఎవరూ ఎరగరు. అన్న, నేను, పక్కింట్లో ఉండే నా స్నేహితురాలు కలిసి వాటిని తెలుగులో రాసుకున్నాం.

రాసుకున్నాం గానీ ఆట సాగేది కాదు. ఒకే సంగతి మొదటి పుస్తకంలో ఒకలా, మూడోదానిలో ఇంకోలా ఉండేది. మేం కల్పించుకున్నవి అంచుల్లో ఇరికించి రాశాం. ఒక ఆదివారం అన్న పాత్ర కోటగోడ మీంచి పడింది. ఒక పుస్తకం బతికాడంది, ఇంకొకటి చచ్చాడంది. మాటా మాటా పెరిగి అన్న లేచి వెళ్లిపోయాడు. తర్వాత ఎవరూ పాచికలు ముట్టలేదు.

నేను ఆశ వదులుకున్నాను. స్నేహితురాలు వదలలేదు.

"మీ అన్న తప్పేం లేదు. పుస్తకాలు మొత్తం ఇప్పి, మల్ల కొత్తగ పేరుద్దాం," అంది.

మగ్గాలు ఆగే సెలవురోజు, మా వీధి మగ్గాల కార్ఖానా నేలంతా కాగితాలు పరిచాం. కుట్లు ఊడదీసి, ఒక్కో నియమాన్నీ కత్తెరతో వేరు చేశాం. ఆడేవాళ్లకు కావలసినవి ఒకవైపు, కథ చెప్పేవాళ్లకు కావలసినవి ఇంకోవైపు. ఒక్క సంగతి ఒక్కచోటే ఉండాలని పట్టుబట్టాం. గుర్రాల గురించి తాను రాసిన పేజీలన్నీ ఆటకు అవసరం లేవని స్నేహితురాలు తన చేత్తోనే తీసేసింది. ఆరోజు ఆమె అన్నం సరిగా తినలేదు.

అన్నను పెళ్లాడి సిరిసిల్ల నుంచి మా ఇంటికి వచ్చిన వదిన బీడీలు చుట్టేది. ఆట ఎప్పుడూ ఆడలేదు. అలా పేర్చి కుట్టిన కొత్త పుస్తకం ఆమెకే ఇచ్చి, అదొక్కటే చాలుతుందో లేదో చూడాలని, ఏం అడిగినా నోరు విప్పకూడదనుకున్నాం. ఆమె రెండో పేజీలోనే ఆగింది.

"పాత్ర అంటె ఏందో చెప్పకుంటనే దానికి బలమెంత అంటున్నరు. నేనేం రాయాలె?"

తిరగరాశాం. ఇంకోచోట ఆగింది. మళ్లీ రాశాం.

చివరికి ఒక మధ్యాహ్నం ఇరుగుపొరుగు ఆడవాళ్లు బీడీలు చుడుతూ కూర్చుంటే, వదిన వాళ్లతో ఆట మొదలుపెట్టింది. కథలో ఎదురింటి అత్త వరద వాగులో దిగి కొట్టుకుపోయింది. నాకు కోటగోడ దగ్గర జరిగిన గొడవే గుర్తొచ్చింది. వదిన తంబాకు చేట పక్కన పెట్టి, పుస్తకం తెరిచి, నేరుగా చావో బతుకో తేల్చే పేజీకే వెళ్లింది.

"ఒడ్డుకు పడ్డవ్ అత్తా, గని కత్తి పోయింది. ఇగ ఏం జేస్తవ్?"

అత్త చుడుతున్న బీడీ పక్కన పెట్టింది. "రాయి దొరుకుతది గదా," అంది. అందరూ నవ్వారు.

పని నుంచి వచ్చిన అన్న గడపలో నిలబడి చాలాసేపు విన్నాడు. తర్వాత తనకూ ఒక పాత్ర కావాలన్నాడు. వదిన తలెత్తకుండానే పుస్తకం అతని వైపు జరిపింది.

"అండ్లనే రాసుంది. సదువుకో."

అన్న చదువుకున్నాడు. మమ్మల్ని ఒక్క మాటా అడగకుండా పాత్ర తయారుచేసుకుని పాచికలు అందుకున్నాడు. మేమిద్దరం వీధిలోకి పరిగెత్తి, చూసేవాళ్లు ఏమనుకుంటారో అనే ఆలోచనే లేకుండా ఎగిరి గంతులేశాం.