కొండను రెండు పక్కలకూ చూపించిన సరంగు

ఈ నాలుగు మాటలు ఇప్పుడే చెప్పవలసి రావడానికి కారణం ఉంది. వానాకాలమంతా కట్టేసి ఉంచిన విహార పడవలు విశాఖ ఫిషింగ్ హార్బరు నుంచి గత ఆదివారం మళ్ళీ తిరగడం మొదలుపెట్టాయి. వాటిలో ఒక పడవకు చాలా ఏళ్ళు చుక్కాని పట్టిన సరంగు, ఆ పడవ కట్టేసి ఉన్న రోజుల్లోనే జాలరిపేటలో కన్నుమూశారు. కేవలం ఆయన మీది గౌరవంతో రాయడమే అయితే కొన్నాళ్ళు ఆగి, మనసు కుదుటపడ్డాక రాసేవాణ్ణి. ఆ పడవ ఎక్కబోయేవారికి ఆయన చేసిన పని ఏమిటో తెలియడం అవసరమని నాకు అనిపిస్తోంది.

వార్త ఆయన భార్య నుంచి వచ్చింది. ఆమె మా వీధికి వారానికి రెండుసార్లు చేపలు తెస్తుంది. ఆ విధంగా నా ఫోను నంబరు ఆమె దగ్గర ఉంది. "మీ సరంగు ఎల్లిపోనాడు బాబూ," అని చెప్పింది. ఉదయం ఇంటి ముందు వల బాగుచేసుకుంటూ, టీ గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టి, పక్కకు ఒరిగిపోయారట. ఆ గ్లాసులో టీ ఒలకలేదని ఆమె రెండుసార్లు చెప్పింది.

ఆయనతో నా పరిచయం పని మీద ఏర్పడింది. పడవల స్థిరత్వాన్ని పరీక్షించి నివేదిక రాయడం నా వృత్తి. ఒక పడవ ఎంతమందిని క్షేమంగా మోయగలదన్నది ఆ నివేదికను బట్టే నిర్ణయిస్తారు. నిశ్చలమైన నీళ్ళలో పడవను నిలిపి, మనుషుల బరువుకు సరిపడా ఇసుక బస్తాలను ఒక పక్క నుంచి రెండో పక్కకు మారుస్తాం. లోపల తాడుకు వేలాడదీసిన ఇనుప గుండు ప్రతిసారీ ఎంత జరిగిందో కొలుస్తాం. పడవ ఎంత ఒరుగుతుంది, ఒరిగాక తనంతట తాను నిలబడుతుందా అన్నది ఆ కొలతల నుంచి తేలుతుంది. ఒక పూటంతా పట్టే పని. ఆ పూటంతా ఆయన జెట్టీ అంచున గొంతుక్కూర్చుని చూశారు. నేను కాగితాలు సర్దుకుంటున్నప్పుడు దగ్గరికి వచ్చారు.

"లెక్క బాగానే ఉంది బాబూ. గానీ ఇసక బస్తాలు కొండని సూడ్డానికి లెగవవు గదా," అన్నారు.

మనుషుల కదలికకు కూడా లెక్కలో చోటు ఉంటుందని నేను వివరించాను. ఆయన మర్యాదగా విన్నారు. అయితే ఒక ఆదివారం వచ్చి మనుషులను కూడా చూడమన్నారు.

వెళ్ళాను. ఆ పడవ ప్రయాణం తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. జెట్టీ వదిలాక మరపడవల వరసలను, ఐసు దించే చోటును, ఎండుచేపల వాసనను దాటుకుని ఔటర్ హార్బరు నీళ్ళలోకి వస్తాం. లంగరు వేసిన ఓడలు, క్రేనులు, అలలను ఆపే రాళ్ళ గట్టు కనిపిస్తాయి. ఇంతలో డాల్ఫిన్ నోస్ కొండ ఒక్కసారిగా దగ్గరవుతుంది, తల మీద లైట్‌హౌస్‌తో. సముద్రం వైపు వెళ్ళేటప్పుడు కొండ కుడి పక్క ఉంటుంది; తిరిగి వచ్చేటప్పుడు ఎడమ పక్కకు వస్తుంది. కాసేపు ఆగితే ఎవరికైనా కనపడేదే. కానీ ఎవరూ ఆగరు. గాజువాక నుంచి, స్టీల్ ప్లాంటు క్వార్టర్స్ నుంచి, ఎలమంచిలి నుంచి పిల్లాపాపలతో వచ్చినవారు, ఎడమ పక్క కూర్చున్నవారంతా, ఫోన్లు పైకెత్తి కుడి పక్కకు వస్తారు. పడవను ప్రమాదంలో పడేసేది అలలకన్నా ముందు ఆ ఉత్సాహమే.

ఆయన జాగ్రత్త జెట్టీ దగ్గరే మొదలయ్యేది. ఎక్కేవారిని ఒక్క చూపు చూసి ఎవరు ఎక్కడ కూర్చోవాలో తానే చెప్పేవారు. బరువు మాట ఎత్తేవారు కాదు. మంచి దేహం ఉన్న ఒకాయనను చెయ్యి పట్టుకుని నడిమి బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, "తమలాంటి పెద్దమడిసి మద్దెలో కూకుంటేనే బోటుకి మరియాద," అన్నారు. ఆ పెద్దమనిషి మీసం సర్దుకుని కూర్చున్నాడు. కాలేజీ కుర్రాళ్ళ గుంపులో ఒకడు, "ఏటి తాతా, బళ్ళో కూకోబెట్టినట్టు కూకోబెడతన్నావు?" అని వేళాకోళమాడాడు. "బళ్ళో నీకు కొండ సూపించారేటి? ఇక్కడ సూపిత్తాను. కూకో," అన్నారు సరంగు. తోటివాళ్ళు నవ్వారు, వాడూ నవ్వి కూర్చున్నాడు.

కొండ దగ్గర పడుతోందనగా ఇంజను వేగం తగ్గించి, గొంతు పెంచకుండా, రోజూ చెప్పే మాటే చెప్పారు.

"ఎవులూ లెగకండి. కొండే మీ కాడికి వత్తాది."

చుక్కాని నెమ్మదిగా తిప్పారు. పడవ అక్కడే ఒక పెద్ద గుండ్రం చుట్టింది. కుడి పక్క ఉన్న కొండ, పడవ ముందు నుంచి జరిగి ఎడమ పక్కకు వచ్చి, అక్కడ కొంతసేపు నిలబడింది. తరువాత వెనక నుంచి మళ్ళీ కుడి పక్కకు వెళ్ళింది. ఒక్కరూ లేవలేదు. నేను చూసినంత మేరకు, లేవాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. ఆ మలుపును ఆయన ఎప్పుడూ రాళ్ళ గట్టు లోపలే పూర్తిచేసేవారు. గట్టు దాటాక తిప్పితే అల పడవ పక్కటెముకలకు తగులుతుంది. ఈ సంగతి నేను పుస్తకాలలో చదువుకున్నాను. ఆయన ఎక్కడ నేర్చుకున్నారని అప్పుడు అడగలేదు.

మూడోసారి వెళ్ళినప్పుడు, జెట్టీ మీద టీ తాగుతూ ఆయనే చెప్పారు. పూర్వం వేరే పడవ మీద ఉన్న రోజుల్లో, ఇదే చోట, ఒక ఓడ ఎదురొస్తే జనమంతా ఒక పక్కకు చేరారట. అంచు మీదుగా నీళ్ళు లోపలికి వచ్చాయి. లేవవద్దని ఆయన అరిచారు. అరిచేసరికి ఏమైందోనని కూర్చున్నవారు కూడా లేచారు. కొన్ని క్షణాలు పడవ ఎటు పోతుందో తెలియలేదు. తరువాత దానంతటదే తిరిగి నిలబడింది. బల్లల కింద మడమ లోతు నీళ్ళలో చెప్పులు తేలుతున్నాయి. దిగేటప్పుడు జనం, ట్రిప్పు బాగుందని చెప్పి వెళ్ళారట.

"ఆ రోజు ఎవులూ పోనేదు బాబూ," అన్నారు. "అందుకే ఎవులికీ తెలీదు."

మనుషులను ఆపడం తన వల్ల కాదని ఆ రోజు అర్థమైందని, అందుకే కొండనే తిప్పడం మొదలుపెట్టానని చెప్పారు. అరుపుతో పని లేదన్నారు. నాకు తెలిసినంతలో ఆ తరువాత ఆయన పడవ మీద ఎప్పుడూ అరవలేదు.

ఇక నన్ను కలవరపెడుతున్న విషయానికి వస్తాను. ప్రయాణికుల సంఖ్య తేల్చేటప్పుడు, ఎంతమంది ఒకే పక్కకు చేరవచ్చునన్న అంచనా ఒకటి వేసుకోవాలి. అందరూ చేరతారనుకుంటే చిన్న సంఖ్య వస్తుంది; కొందరే చేరతారనుకుంటే కాస్త పెద్ద సంఖ్య వస్తుంది. ఆ అంచనాలో కొంత భాగం పరీక్షించేవాడి అనుభవానికి వదిలి ఉంటుంది. నేను మూడు ప్రయాణాలు చేసి, మూడింటిలోనూ ఎవరూ లేవకపోవడం కళ్ళారా చూసి, పెద్ద సంఖ్యే రాశాను. నిబంధనల ప్రకారం అందులో తప్పు లేదు. కానీ ఆ అంచనా నేను పడవను చూసి వేసింది కాదు, సరంగును చూసి వేసింది. ఆ సంఖ్యలో ఆయన ఉన్నారు. కాగితం మీద మాత్రం లేరు.

ఆ సంగతి ఆయనకు నాకన్నా ముందే తెలుసు. ఒకసారి పడవ యజమాని ఆ మలుపు మానెయ్యమని చెప్పారు. కొండ తిరిగి వచ్చేటప్పుడు ఎలాగూ అవతలి పక్కవారికి కనిపిస్తుంది, ఈ తిప్పడంలో ఆదివారం ఒక ట్రిప్పు తగ్గిపోతోంది అన్నది ఆయన వాదం. యజమాని చెడ్డవాడు కాడు. కొత్త లైఫ్ జాకెట్లు అడిగిన వారంలోనే తెచ్చిన మనిషి. మలుపు ఆయన కళ్ళకు వినోదంగా మాత్రమే కనిపించింది. అప్పుడు సరంగు మా ఇంటికి వచ్చారు. ఉతికిన చొక్కా వేసుకుని, లోపలికి రమ్మన్నా రాకుండా వరండాలోనే కూర్చున్నారు. పడవను అక్కడ తప్పనిసరిగా తిప్పాలని నా నివేదికలో ఒక ముక్క రాయమని అడిగారు.

నివేదికకు ఒక నమూనా ఉంటుందని, అందులో అటువంటి దానికి గడి లేదని చెప్పాను.

"గడి నేకపోతే పక్కన రాయండి బాబూ. నానున్నంత కాలం కాయితం అక్కర్నేదు. నా ఎనకాల వచ్చినోడికి కాయితమే గదా సెప్పాల."

పడవ లక్షణాలు రాయవచ్చు గానీ నడిపేవారి అలవాట్లు రాయకూడదని నేను జవాబిచ్చాను. నా వృత్తిలో ఖచ్చితత్వం అంటే అదేనని ఆ రోజు నిజంగానే నమ్మాను. ఆయన వాదించలేదు. "మీకు తెలీదేటి," అని లేచారు. గేటు దాటబోతూ వెనక్కి తిరిగి, మా వరండా మెట్టు ఒకటి కదులుతోందని, సిమెంటు వేయించుకోమని చెప్పి వెళ్ళారు. మలుపును మాత్రం ఆయన మానలేదు. ప్రయాణికులు దాన్ని ఇష్టపడుతున్నారని గమనించి యజమాని కూడా తరువాత ఊరుకున్నారు. ఆ విషయం అక్కడితో తీరిపోయిందని నేను అనుకున్నాను.

పదకొండో రోజు జాలరిపేట వెళ్ళాను. ఇంటి ముందు ఆయన బాగుచేస్తూ వదిలిన వల అలాగే మడిచి ఉంది. ఆయన భార్య నాకు కుర్చీ వేసి, తాను గుమ్మంలో కూర్చుంది. ఆయన గురించి ఏదైనా చెప్పమని నేను అడగలేదు, ఆమే చెప్పింది. "ఇంట్లో కూడా అంతే బాబూ. అన్నం కాడ ఎవుల్నీ లెగనిచ్చేవోడు కాదు. మంచినీల్లు కావాలన్నా తనే తెచ్చిచ్చేవోడు. ఇప్పుడు నానే లెగాల." చివరి మాట దగ్గర చీర కొంగు సర్దుకుని, వెంటనే నన్ను టీ తాగుతారా అని అడిగింది. నేను జవాబు చెప్పేలోగానే లేచి లోపలికి వెళ్ళింది.

అక్కడే కొత్త సరంగు కలిశాడు. పెద్దాయన దగ్గర చాలాకాలం కళాసిగా పనిచేసిన నడివయసు మనిషి. లంగరు, తాళ్ళు, ఇంజను అన్నీ తెలిసినవాడు. కొండ దగ్గర పడవను తిప్పుతావా అని అడిగాను. "తిప్పుతాను బాబూ. ఎందుకు తిప్పను?" అన్నాడు. మళ్ళీ తానే, "ఓనరు గారు ఏటంటారో మరి," అన్నాడు. ఎందుకు తిప్పాలో తెలుసా అన్నాను. జనానికి సరదా కదా అన్నాడు. చెప్పులు తేలిన ఆ రోజు సంగతి సరంగు అతనికి ఎన్నడూ చెప్పలేదు. నాకే చెప్పారు. కాగితం రాసేవాణ్ణి కనుక నాకు చెప్పారని ఇప్పుడు అనుకుంటున్నాను. నేను ఆ వాకిట్లోనే కూర్చుని, అతనికి మొదటి నుంచి చివరి వరకూ చెప్పాను. అతను తల వంచుకుని విన్నాడు.

ఆ సాయంత్రమే నా పాత నివేదికను సవరించి సంబంధిత కార్యాలయానికి పంపాను. ప్రయాణికుల సంఖ్యను తగ్గించాను. నమూనాలో గడి లేని చోట, అంచున, కొండ ఎదుట గట్టు లోపల నెమ్మదిగా పూర్తి మలుపు తిప్పాలని రాశాను. యజమానికీ ఒక ప్రతి ఇచ్చాను. కొత్త ఉత్తర్వు వచ్చే వరకు పాత కాగితమే చెల్లుతుందని ఆయన అన్నారు. చట్టం ప్రకారం అది నిజమే.

గత ఆదివారం టిక్కెట్టు కొనుక్కుని, అందరితో పాటు ఎక్కి, నడిమి బల్ల మీద కూర్చున్నాను. పడవ నిండా జనం. కొండ దగ్గర పడగానే కొత్త సరంగు నా వైపు ఒకసారి చూసి, ఇంజను తగ్గించాడు. లేవవద్దన్న మాట చెప్పడం కొంచెం ఆలస్యమైంది. అప్పటికే ఇద్దరు లేచారు. చుక్కాని తిరగడం మొదలయ్యాక వాళ్ళు తూలి, నవ్వుకుంటూ కూర్చున్నారు. కొండ పడవ ముందు నుంచి జరిగి ఎడమ పక్కకు వచ్చింది. లైట్‌హౌస్ వంకే చూస్తూ ఒక ముసలామె కూర్చున్న చోటు నుంచే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. చుక్కాని పక్కన, పెద్దాయన రోజూ చెయ్యి ఆనించే చోట, చెక్క మీద రంగు పోయి నునుపుదేలి ఉంది. కొత్త సరంగు చెయ్యి ఇంకా దానికి కొంచెం ఎడంగానే ఉంది.

ఆ పడవ ఎక్కేవారిని నేను అడిగేది ఒక్కటే: కొండ కనపడినప్పుడు కూర్చునే ఉండండి. నేను పంపిన సవరణకు కార్యాలయం నుంచి ఇంకా జవాబు రాలేదు. నేను ఉన్న ట్రిప్పులో అతను పడవను తిప్పాడు. నేను లేని ట్రిప్పులలో తిప్పుతున్నాడో లేదో నాకు తెలియదు.