గొంతులు వినే డాక్టర్ గారు

మంగళవారం పొద్దున ఆఫీస్ కాల్‌లో ఉండగా డాక్టర్ గారి భార్య, ఆంటీ, ఫోన్ చేశారు. ఎప్పుడూ ముందు "బిజీగా ఉన్నావా అమ్మా" అని అడుగుతారావిడ. ఆ రోజు అడగలేదు. "మీ డాక్టర్ గారు పోయారమ్మా, నిద్రలోనే" అన్నారు. నేను ల్యాప్‌టాప్ మూసేసి, కారు తాళాలు చేత్తో పట్టుకుని గరాజ్‌లో చాలాసేపు ఊరికే నిలబడ్డాను.

ఆయన నాకు బంధువు కారు. మేముండే బాతెల్ ఊళ్ళో మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉండే రిటైర్డ్ ఈఎన్‌టీ డాక్టర్. గుంటూరులో చదువుకుని డెబ్బైల్లో ఇక్కడికొచ్చి నలభై ఏళ్ళు చెవులూ ముక్కులూ గొంతులూ చూశారు. ఇక్కడి తెలుగువాళ్ళు పిల్లలకి చెవిపోటు వస్తే ముందు ఆయనకే ఫోన్ చేసేవాళ్ళు. కానీ శనివారం శనివారం మా కమ్యూనిటీ రేడియో స్టేషన్లో ఆయన ఏం చేసేవారో చాలామందికి తెలీదు. ఒకప్పుడు పంక్ రాక్ పాడి, ఇప్పుడు ముసలివాళ్ళైపోయిన వాళ్ళని ఇంటర్వ్యూ చేసేవారు.

పంక్ అంటే నాకూ అప్పటికి తెలీదు. గట్టిగా గిటారు, రెండు నిమిషాల పాట, మిగతాదంతా అరుపు. నలభై ఏళ్ళ కిందట బేస్‌మెంట్లలో, పాత గోడౌన్లలో అలా అరిచిన కుర్రాళ్ళకి ఇప్పుడు అరవైలు, డెబ్బైలు. వర్క్ పర్మిట్ కోసం ఎదురుచూస్తూ ఇంట్లో పిచ్చెక్కిపోతున్న రోజుల్లో నేను ఆ స్టేషన్లో వాలంటీర్‌గా చేరి ఎడిటింగ్ నేర్చుకున్నాను. "ఆ ఇండియన్ డాక్టర్ ప్రోగ్రామ్ నువ్వే చెయ్" అన్నారు స్టేషన్ వాళ్ళు. తర్వాత ఉద్యోగం వచ్చినా ఆ పని వదల్లేదు. ఆరేళ్ళు చేశాను.

"అసలు మీకీ పాటల పిచ్చి ఎలా పట్టింది డాక్టర్ గారూ?" అని ఒకసారి అడిగాను.

"పాటలతో కాదమ్మా, పేషెంట్‌తో పట్టింది. నేను కొత్తగా ప్రాక్టీస్ పెట్టిన రోజుల్లో ఒక కుర్రాడు వచ్చాడు. అరిచి అరిచి గొంతులోంచి రక్తం. మూడు వారాలు నోరు విప్పొద్దన్నాను. సరేనని తలూపి, జేబులోంచి టికెట్ తీసి నా చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రమే వాడి ప్రోగ్రామ్. టై కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని వెళ్ళాను. గోడకి ఆనుకుని చూస్తున్నాను, వాడు నా మొహం చూస్తూనే అరుస్తున్నాడు." ఆయన నవ్వారు. "పాట ఒక్క ముక్క అర్థం కాలేదు. గొంతు మాత్రం మొత్తం అర్థమైంది."

స్టేషన్‌కి కూడా టై కట్టుకునే వచ్చేవారు. ఫ్లాస్కులో శొంఠి వేసిన వేడినీళ్ళు, డబ్బాలో ఆంటీ చేసిన పులిహోర తెచ్చేవారు. ఒంటినిండా పచ్చబొట్లున్న డ్రమ్మర్లు పేపర్ ప్లేట్లలో ఆ పులిహోర తింటూ వేరుశెనగలు ఏరుకునేవాళ్ళు. ప్రశ్నలన్నీ పాత ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ మీద రాసుకునేవారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "గొంతు ఎలా ఉంది?" అడిగి కళ్ళు మూసుకునేవారు. పొద్దున రికార్డ్ చేసేవాళ్ళం, మధ్యాహ్నం మూడింటికి ప్రసారం. మధ్యలో ఉన్న ఆ కాసిని గంటల్లో దగ్గులు, సకిలింపులు తీసేసి గొంతులు శుభ్రం చేయడం నా పని.

రెండో ఏడు అనుకుంటాను. గిటారు వాయించే ఒకాయన వచ్చి గంటసేపు నవ్వించి వెళ్ళాడు. ఆయన కారు కదిలాక డాక్టర్ గారు హెడ్‌ఫోన్లు తియ్యకుండా, "ఆ చివరి ముక్క మళ్ళీ వెయ్యమ్మా" అన్నారు. వేశాను. "మళ్ళీ." మళ్ళీ వేశాను. నాకైతే ఏమీ వినపడలేదు. "ఇది వయసు వల్ల వచ్చిన బొంగురు కాదు" అని అప్పటికప్పుడు ఆయనకి ఫోన్ చేసి, వెంటనే ఎవరికైనా చూపించుకోమన్నారు. ఆయన ఫోన్లో కూడా నవ్వాడు. మరుసటి వసంతానికి లేడు.

ఆ తర్వాత "ఆ ముక్క మళ్ళీ వెయ్యి" అంటే నాకు బటన్ నొక్కబుద్ధయ్యేది కాదు. అలా మరో ఇద్దరి విషయంలో అన్నారు. ఒకతను ఆయన మాట వినలేదు. రెండో ఆవిడ, ఒకప్పుడు తల సగం గొరిగించుకుని పాడిన గాయని, తిట్టుకుంటూనే వెళ్ళి చూపించుకుంది. గొంతు కేన్సర్ తొలి దశలోనే దొరికింది, బతికింది. కానీ మంచి వార్తకన్నా చెడ్డ వార్తే ముందు పాకుతుంది కదా. పిలిచిన వాళ్ళు రావడం మానేశారు. ఒక బేస్ గిటారిస్ట్ నాకే ఫోన్ చేసి, "నా గొంతు ఆ డాక్టర్ చెవిన పడటం నాకిష్టం లేదు" అని కేన్సిల్ చేసుకున్నాడు. ఆ మాట డాక్టర్ గారికి చెప్పాను. "భయపడ్డ మనిషిని ఏమీ అనకూడదు" అన్నారు.

నిరుడు జనవరిలో ఆయనకి జలుబు చేసింది. "నా గొంతు కూడా కాస్త శుభ్రం చెయ్యమ్మా, వినేవాళ్ళకి ఇబ్బంది" అన్నారు. చేశాను. ఫిబ్రవరిలోనూ అడిగారు, ఎలర్జీ అన్నారు. తర్వాత అడగడం కూడా మానేశారు, నాకు అలవాటైపోయింది. గరగర తగ్గించడం, దగ్గు కత్తిరించడం, మాట మధ్యలో ఆగిపోతే రెండు కొసలూ కలిపి అతకడం. ఎంత బాగా చేస్తున్నానో అని లోపల్లోపల మురిసిపోయేదాన్ని కూడా.

అక్టోబర్‌లో ఆ గాయని రెండోసారి ఇంటర్వ్యూకి వచ్చింది. ఆయన మూడో ప్రశ్న అడుగుతుండగా ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"డాక్టర్, మీ గొంతు ఎలా ఉంది?"

అద్దానికి ఇవతల కూర్చున్న నాకు రికార్డింగ్ టైమ్ చూపించే అంకెలు తప్ప ఏమీ కదలడం కనపడలేదు. చివరికి, "వెదర్ మారింది కదా" అని తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయారు. బయటికొస్తూ నాతో, "ఆ ముక్క తీసెయ్యమ్మా" అన్నారు. నా కళ్ళలోకి చూడలేదు.

ఆయన వెళ్ళాక నేను ఎడిట్ చెయ్యని పాత ఫైళ్ళు తెరిచాను. జనవరి నుంచి ఒక్కో నెలదీ ఒక్కో నిమిషం వరసగా విన్నాను. జూన్ దాకా వినేసరికి, ఆయన ఇతరుల గొంతుల్లో పట్టుకునే ఆ బొంగురు నాక్కూడా వినపడింది. సెప్టెంబర్‌ది పూర్తిగా వినలేకపోయాను. ప్రపంచానికి వినపడకుండా వారం వారం ఆ రోగాన్ని తుడిచిపెట్టింది నేనే.

డ్రైవ్ చేసుకుంటూ తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను. ఆంటీ సరుకులకని బయటికి వెళ్ళారు. ఆయన వరండాలో కూర్చుని ఉన్నారు.

"మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"జనవరి నుంచే."

"అందరినీ తిట్టి మరీ డాక్టర్ల దగ్గరికి పంపారు కదా. మీరెందుకు వెళ్ళలేదు?"

"వెళ్తే స్వరపేటిక తీసేస్తారమ్మా. ఇంకా ఏడుగురు మిగిలారు నా లిస్ట్‌లో. వాళ్ళ మాటలు ఎవరు రికార్డ్ చేస్తారు?" టై ముడి వదులు చేసుకుని, ఈసారి నిజం చెప్పారు. "భయమేసింది."

"ఆంటీకి తెలుసా?"

తల అడ్డంగా ఊపారు. "శనివారానికి గొంతు మిగలాలని ఇంట్లో మాట్లాడటం తగ్గించేశాను. తనమీద కోపమొచ్చిందనుకుంటోంది పాపం."

నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. "డాక్టర్ గారూ, ఈ వారం నేను శుభ్రం చెయ్యను. మూడింటికి మీ గొంతు ఎలా ఉందో అలాగే వెళ్తుంది. ఆంటీ వంటింట్లో రేడియో పెట్టుకుని వింటారు. ఆలోపు మీరే చెప్పండి" అన్నాను. నన్ను కన్నకూతురిలా చూసిన మనిషిని అలా బెదిరించాను. ఆయన కోప్పడలేదు. గేటు దగ్గర ఆంటీ కారు ఆగింది. "నువ్వు వెళ్ళమ్మా" అన్నారు.

మూడింటికి ఆయన గొంతు గీసుకుపోతూ, తెగిపోతూ, ఉన్నది ఉన్నట్టుగా గాలిలోకి వెళ్ళింది. గాయని అడిగిన ప్రశ్న, దాని వెనక మౌనం కూడా.

ఆ నెలాఖరుకే ఆపరేషన్ చేశారు. అప్పటికే పాకిపోయిందన్నారు. మాట పోయింది. అయినా మరో మూడు ఇంటర్వ్యూలు చేశారు. టై కట్టుకుని కూర్చుని ప్యాడ్ మీద ప్రశ్నలు రాసేవారు, ఆ గాయని పక్కన కూర్చుని చదివి వినిపించేది. రానని కేన్సిల్ చేసుకున్న బేస్ గిటారిస్ట్ కూడా వచ్చాడు. ఒకరోజు రికార్డింగ్ అయ్యాక, "నేనలా శుభ్రం చెయ్యకపోయుంటే ఎవరో ఒకరు కనిపెట్టేవాళ్ళు కదా" అన్నాను. ఆయన ప్యాడ్ మీద రాసి నా వైపు తిప్పారు. "నేను అబద్ధం చెప్పాను, నువ్వు నమ్మావు. అంతే." నాకు మాత్రం ఇంకా ఆ "అంతే" దగ్గర ఆగడం చేతకావట్లేదు.

నాకు వినడం నేర్పిన మనిషి ఆయన. ఒక మనిషి మాట్లాడుతుంటే మాట వెనకాల ఇంకేముందో చూడాలని నాకు ఆయనే అలవాటు చేశారు. ఆ రుణం ఎలా తీర్చుకోవాలో తెలీదు.

జనవరి చివర్లో, ఒక గురువారం మధ్యాహ్నం, ఫ్యూనరల్ హోమ్‌లో అంత్యక్రియల కార్యక్రమం జరిగింది. పట్టుచీరలు, కోట్లు వేసుకున్న మనవాళ్ళు ముందు వరసల్లో కూర్చున్నారు. నల్ల లెదర్ జాకెట్లు వేసుకున్న ముసలివాళ్ళు ఓ పదిమంది వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. అంతా అయ్యాక బయటికొచ్చాం. ఇంకా అయిదు కాలేదు, అప్పుడే వెలుతురు పోతోంది. కార్లెక్కకుండా పార్కింగ్ లాట్‌లోనే నిలబడిపోయాం. ఆంటీ ఆ గాయని చెయ్యి పట్టుకుని ఉన్నారు.

అప్పుడొచ్చాయి కాకులు. చలికాలం సాయంత్రాలు బాతెల్‌లో చిత్తడి నేలల పక్కనున్న చెట్లలోకి చేరతాయవి. ముందు నాలుగైదు, తర్వాత వందలు, ఆ తర్వాత లెక్కపెట్టలేనన్ని. ఆకాశం ఈ కొస నుంచి ఆ కొసకి నల్లబడింది. అందరం తలలెత్తి చూశాం. జాకెట్ల వాళ్ళలో ఒకతను టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. మా నెత్తిమీదుగా, ఆగకుండా, వేల గొంతులు అరుచుకుంటూ పోతున్నాయి. అన్నీ బొంగురువే.