కళ్ళు వంకరన్నాను

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, రంజాన్‌కు పది రోజులుండగా, అర్దియాలో గుడ్డబొమ్మల సరుకు తనిఖీకి నన్ను పంపారు. కువైట్‌లో ఒక కానుకల దుకాణాల సంస్థకు నేను సీనియర్ కొనుగోలు అధికారిని. బొమ్మలు కుట్టేది, వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న కఫీళ్ళ ఇళ్ళ నుంచి బయటపడిన ఎనిమిది మంది ఆఫ్రికా స్త్రీలు. గది ఒక సేవాసంస్థది. మా ఆర్డరు నిలిస్తేనే గది నడుస్తుంది. లేకుంటే వాళ్ళకు మళ్ళీ ఇళ్ళపనే గతి.

మా పద్ధతిలో ముందు ఒక బొమ్మను ఆమోదించి, సంచిలో పెట్టి, సీలు మీద సంతకం చేస్తాం. సరుకంతా దానికి సరిపోవాలి. సరిపోయింది. ధర కూడా ముందే కుదిరింది. నేను అక్కడితో ఆగవలసింది. కానీ విజయవాడ వన్‌టౌన్‌లో నాన్న బట్టలకొట్టు గల్లా పక్కన పెరిగినవాణ్ణి. చీర ఎంత నచ్చితే అంతగా మొహం ముడిచి, అంచు వెలిసిందనేవారు అక్కడి ఆడవాళ్ళు. నాన్న నవ్వుతూ తగ్గించేవారు. నేనూ ఒక బొమ్మను వెలుతురుకు పట్టి, కళ్ళు వంకరన్నాను.

గదికి పెద్ద, ఇథియోపియా నుంచి వచ్చిన అల్మాజ్. నా మాట ఆమెకు అరబ్బీలో చెప్పింది అక్కడ వంట చేసే రాయచోటి నరసమ్మ. అల్మాజ్ బేరమాడలేదు. బొమ్మను చాలాసేపు చూసి, పెట్టెలన్నీ లోపలికి పెట్టించింది. వారం ఊరుకుంటే తనే దిగివస్తుందని లెక్క వేసుకుని వచ్చేశాను. నా తెలివి మీద నాకు అప్పట్లో మంచి నమ్మకం.

వారం తర్వాత వెళ్తే, అన్ని బొమ్మలకూ కళ్ళు విప్పి మళ్ళీ కుట్టి ఉన్నాయి. నల్లగుడ్డ మీద పాత సూది రంధ్రాలు తెల్లగా తేలాయి. లేని లోపం ఇప్పుడు నిజంగా వచ్చింది. నిబంధన ప్రకారం తిరస్కరించాలి.

“ఏం సార్, వారం దినాలు ఎవురూ తల ఎత్తలేదు. నువ్వే కదా కండ్లు బాగలేవంటివి,” అంది నరసమ్మ.

ధర కోసం అన్నానని ఒప్పుకున్నాను. అల్మాజ్ జవాబును నరసమ్మే తెలుగులో చెప్పింది.

“వాళ్ళ ఊరి సంతలోనూ ఇట్లే బేరం చేస్తారంట సార్. సంతకొచ్చినోడు అనింటే నవ్వుకునుండునంట. సీలు మీద సంతకం పెట్టినోడివని నమ్మిందంట.”

తనిఖీ పత్రంలో లోపానికి కారణం రాయాలి. ‘కుట్టు లోపం’ అని రాస్తే ఆర్డరు రద్దవుతుంది. ‘కొనుగోలు అధికారి చేసిన తప్పుడు అభ్యంతరం’ అని రాసి సంతకం పెట్టాను. వెళ్ళింది కొనడానికా, చెడగొట్టడానికా అని మేనేజరు అడిగాడు. ఆర్నెల్లు నా సంతకాధికారం తీసేశారు. ఆర్డరు మాత్రం నిలిచింది. రంజాన్ నడుమ పిల్లలకు కానుకలు పంచే గర్‌గీఆన్ వేడుకకు బొమ్మలు అందలేదు. కొత్త ముఖాలతో ఈద్‌కు వచ్చాయి. అప్పటికే ఎనిమిది మందిలో ఇద్దరు, డబ్బు ఆలస్యమయ్యేసరికి ఆగలేక, వఫ్రాలో ఇళ్ళపనికి వెళ్ళిపోయారు.

కూరగాయల దగ్గర నేనిప్పటికీ మొహం ముడుస్తాను. ఉద్యోగం వదిలేటప్పుడు అప్పగింత కాగితంలో మాత్రం ఒక మాట రాశాను: తనిఖీ చేసే మనిషి చేతికి బేరం ఇవ్వకూడదు.