హరిత రాసిన ఐసు ఫారం

అది 2023. వేసవిలో చేపల వేటకి పెట్టే నిషేధం ముగిసి, రేపల్లె వైపు బోట్లన్నీ మళ్ళీ సముద్రంలోకి దిగుతున్న రోజులు. తెనాలి స్టేషనుకి దగ్గర్లో, మందుల షాపు పైన మేడ మీద మా ఆఫీసు. కాలేజీలకీ, కల్యాణ మండపాలకీ, బంగారం కొట్లకీ వెబ్‌సైట్లు చేసిపెట్టడం మా పని. అందులో ఫారాలు నా వాటా. అడ్మిషన్ ఫారం, బుకింగ్ ఫారం, ఫిర్యాదుల ఫారం, ఏదైనా సరే, పేరు రాసే గడి దగ్గర్నించి 'పంపండి' అనే బటన్ దాకా నేనే కట్టేదాన్ని. నా పేరు సుజాత. నందివెలుగు నుంచి స్కూటీ మీద వచ్చిపోతుంటాను.

చూసేవాళ్ళకి ఫారం అంటే నాలుగు గడులు. మాకు మాత్రం ఆ గడుల వెనక రాసే చిన్న చిన్న మాటల్లోనే పనంతా ఉంటుంది. వాటిని ఆట్రిబ్యూట్లు అంటాం. 'రిక్వైర్డ్' అని రాస్తే ఆ గడి ఖాళీగా వదిలి ముందుకి పోనివ్వదు. 'ప్యాటర్న్' అని రాస్తే మనం చెప్పిన పద్ధతిలో ఉన్నదాన్నే ఒప్పుకుంటుంది. 'మిన్', 'మ్యాక్స్' అని రాస్తే ఇంతకి తగ్గకూడదు, ఇంతకి మించకూడదు అని గీత గీస్తుంది. వీటిని పొదుపుగా వాడే రకాన్ని కాను నేను. నా ఫారంలోకి తప్పుడు ఫోన్ నంబరు దూరిందని ఏ క్లయింటూ అనలేదు. దూరడానికి సందు ఉంచితే కదా!

ఇలా హాయిగా సాగుతుండగా బాపట్ల నుంచి హరిత వచ్చి చేరింది. రోజూ రైల్లో వచ్చేది. రైల్లో పరిచయమైన వాళ్ళే ఆమెకి ఇద్దరు ముగ్గురు క్లయింట్లయ్యారు. మాటల పోగు. అరగంట కూర్చుంటే ఎదుటివాళ్ళ ఇంటి సంగతులన్నీ ఆమె దగ్గరికి వచ్చేసేవి. ఎవరొచ్చినా బాబాయ్, పిన్నీ, అన్నయ్యా. నన్ను 'అక్కా' అనేది. ఆ పిలుపులో ఏ వంకా లేదు, అదే నాకు మంట. నేను ఎన్నో ఏళ్ళుగా చూసుకుంటున్న కల్యాణ మండపం ఆయన ఒకరోజు నాకే ఫోన్ చేసి, "ఆ నవ్వే అమ్మాయి ఉందాండి?" అని అడిగాడు. ఉందని చెప్పి ఫోన్ ఇచ్చాను. మధ్యాహ్నం భోజనం సయించలేదు.

రేపల్లె అవతల ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంది. బోటు వేటకి వెళ్ళాలంటే ముందు ఐసు దిమ్మలు ఎక్కాలి. ఐసు లేకుండా వెళ్తే పట్టిన చేప ఒడ్డుకి వచ్చేలోపే పాడైపోతుంది. సీజన్ మొదట్లో బోట్లన్నీ ఒకేసారి బయలుదేరతాయి కనుక ఐసుకి కటకట. ఫోన్లలో అరుచుకోవడం భరించలేక ఫ్యాక్టరీ వాళ్ళు ఇకనించి బుకింగ్ ఆన్‌లైన్‌లోనే అన్నారు. ముందు బుక్ చేసుకున్నవాళ్ళకి ముందు. ఆ ఫారం నేను చేస్తానని మా ఓనర్ రామ్మోహన్ గారిని అడిగాను.

"వద్దులే సుజాతా, అది హరిత చేస్తుంది. నువ్వు ఫారం చేస్తే నింపేవాళ్ళకి పరీక్ష రాసినట్టుంటుందమ్మా," అన్నారాయన నవ్వుతూ.

ఆయన నవ్వారు, పక్కనున్న వాళ్ళూ నవ్వారు. హరిత నవ్వలేదు, అదింకా కోపం తెప్పించింది.

హరిత ఫ్యాక్టరీకి రెండుసార్లు వెళ్ళొచ్చి ఫారం రాసింది. బోటు నంబరు, బుక్ చేసేవారి పేరు, ఎన్ని దిమ్మలు, ఏ రోజుకి. అంతే. బోటు రిజిస్ట్రేషన్ నంబరు పొడుగు, చిన్న ఫోనులో కొట్టడం కష్టం. అందుకని ఒకసారి కొట్టిన నంబరుని ఫోను గుర్తుపెట్టుకుని తర్వాత తనే చూపించేలా చేసింది. పొరపాటున వేలు తగిలి మారిపోకుండా ఆ గడికి 'రీడ్ ఓన్లీ' అని పెట్టింది. అంటే గడిలోది కనిపిస్తుంది, ఫారంతో పాటు వెళ్తుంది, మార్చడానికి మాత్రం కుదరదు. నంబరు ఎలాగూ ఉంది కనుక కర్సర్ నేరుగా పేరు గడిలో వచ్చి నిలబడేలా 'ఆటోఫోకస్' ఇచ్చింది. ఒకే బోటుకి ఒకే రోజుకి రెండోసారి బుక్ చేస్తే దాన్ని సవరణగా తీసుకుని పాతది తీసేస్తుంది. దిమ్మల లెక్క మార్చుకోవడం అక్కడ మామూలేనట, అదీ కనుక్కొచ్చింది. ఫ్యాక్టరీ వాళ్ళు మురిసిపోయారు. మా ఓనరు నలుగురికీ చూపించారు. నేను కూడా "బాగుంది" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

కొన్నాళ్ళకి, హరిత బంధువుల పెళ్ళికని సెలవులో ఉన్న రోజున, ఒకావిడ మెట్లెక్కి వచ్చి చెప్పులు బయట విడిచి గుమ్మంలో నిలబడింది.

"ఐసు ఫారం చేసింది ఇక్కడేనాండి?"

"ఇక్కడేనమ్మా. ఏంటి సంగతి?"

"నా పేరు ఝాన్సీ అండి. మాది రేపల్లె అవతల రేవు. నేను దొంగనో కాదో మీ కంప్యూటర్లో ఉంటదంట. చూసి చెప్పండి."

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాక సంగతంతా చెప్పింది. వాళ్ళకి చిన్న బోటు ఉంది. మగవాళ్ళు వేటకి వెళ్తే ఐసు చూసుకోవడం, వచ్చిన చేప అమ్మడం ఆడవాళ్ళ పని. ఇళ్ళలో ఉన్న మంచి ఫోన్లు మగవాళ్ళు పట్టుకుపోతారు. వాళ్ళ వీధిలో ఆడవాళ్ళ దగ్గర నెట్ ఉన్న ఫోను ఈమెదొక్కటే. మొదటి వేటకి తన బోటు ఒక్కదానికే బుక్ చేసుకుంది, ఐసు సరిగ్గానే వచ్చింది. అది చూసి రెండో వేటకి ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా ఆమె ఇంటికి వచ్చారు, మావీ కొట్టిపెట్టమని.

"ముందు వాళ్ళందరివీ కొట్టి ఆఖర్న నాది కొట్టానండి. ఇంటికొచ్చినోళ్ళని నిలబెట్టి మన పని ముందు చేసుకోం కదా. అందరికీ బుక్ అయిందనే చూపించింది. తెల్లారి ట్రాక్టర్లో నా ఒక్కదానికే ఐసు వచ్చింది. వాళ్ళ బోట్లు ఒడ్డునే ఉండిపోయినయి. మాది వెళ్ళి రొయ్యతో తిరిగొచ్చింది. ఇక చూడండి."

"ఏమన్నారు?"

"అనకుండా ఉంటారా? మా అందరివీ ఎగ్గొట్టి నీదొక్కటే రాయించుకున్నావన్నారు. ఇప్పుడు ఆటోలో నా గంపకి చోటివ్వట్లేదండి. మేమంతా కలిసి ఒకే ఆటోలో మార్కెట్‌కి వెళ్తాం. ఒక్కదాన్నే ఆటో కట్టించుకుంటే నాకేం మిగులుద్ది? బస్సెక్కుదామంటే చేప గంపని ఎక్కనివ్వరు. మా ఆయన తెచ్చిన సరుకు ఇంట్లోనే పాడైపోతంది."

రామ్మోహన్ గారు రికార్డు తెరిచి చూశారు. "అమ్మా, ఇందులో నీ బోటు ఒక్కటే ఉంది. మిగతావి రాలేదు."

"అంటే నేను కొట్టలేదంటారా?"

"అని కాదమ్మా. కంప్యూటర్ అబద్ధం చెప్పదు కదా, అందుకని..."

ఝాన్సీ గ్లాసు అక్కడ పెట్టి లేవబోయింది. నాకు జాలేసింది, నిజమే. కానీ జాలి కన్నా ముందు వచ్చింది ఆశ. హరిత ఫారంలో తప్పుందేమోనన్న ఆశ. "కూర్చోండమ్మా, నేను చూస్తాను," అన్నాను.

కోడంతా తెరిచి బియ్యంలో రాళ్ళేరినట్టు లైను లైనూ చూశాను. ప్రతిదీ దేనికది సరిగ్గానే ఉంది. ఎంత నిరాశ పడ్డానో! చివరికి ఐసు ఫ్యాక్టరీకి ఫోన్ చేసి ఇదొక పరీక్ష, పట్టించుకోకండి అని చెప్పి, ఝాన్సీ వైపు తిరిగాను.

"ఆ రోజు ఎలా కొట్టారో ఇప్పుడూ అలాగే కొట్టండి. మొదట ఎవరిది?"

"మా నాగమ్మ పిన్నిదండి."

లింకు నొక్కింది. పేజీ తెరుచుకుంటూనే కిందికి జరిగి పేరు గడి దగ్గర ఆగింది. కింద నుంచి కీబోర్డు లేచి సగం తెర కప్పేసింది. ఝాన్సీ 'నాగమ్మ' అని కొట్టింది, దిమ్మలు కొట్టింది, పంపేసింది. నేను ఆ ఫోను తీసుకుని మళ్ళీ లింకు తెరిచి, పేజీని వేలితో పైకి జరిపాను. తెరకి అందకుండా పైన దాక్కుని ఉంది బోటు నంబరు గడి. అందులో ఝాన్సీ బోటు నంబరు. మారదు. నాగమ్మ పేరు కొట్టినా, ఇంకెవరి పేరు కొట్టినా మారదు.

ఈలవేయడం వచ్చుంటే వేసేదాన్ని.

"మీరు ఎవరి పేరు కొట్టినా అది మీ బోటు కిందే పడిందమ్మా. తర్వాతది కొట్టగానే ముందుది సవరణ అనుకుని తీసేసింది. ఆఖర్న మీది కొట్టారు కనుక మీదే మిగిలింది."

"మరి ముందు నాది కొట్టుకునుంటే?"

"ఆఖరివాళ్ళ ఐసు మీ బోటు దగ్గరికి వచ్చేది. మీరు పిలిచి ఇచ్చేసేవాళ్ళు. మీకూ ఐసు ఉండేది కాదు కనుక మిమ్మల్ని ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు."

ఇంటికొచ్చినవాళ్ళకి మర్యాద చేసినందుకు ఆమెకి దొంగ అన్న పేరొచ్చింది. మా ఆఫీసులో అందరం ఆ ఫారాన్ని ఎవరి ఫోనులో వాళ్ళం పరీక్షించాం. మాకు ఒక ఫోను అంటే ఒక మనిషి. అక్కడ ఒక ఫోను అంటే ఒక వీధి.

"ఈ ముక్క మా వీధిలోకొచ్చి చెప్పండక్కా. నేను చెబితే నమ్మరు," అంది ఝాన్సీ.

వస్తాననడానికి క్షణం పట్టలేదు. హరితకి ఫోన్ చేసి మర్నాడు బాపట్ల నుంచి నేరుగా రేవుకి రమ్మన్నాను. సంగతి చెప్తే "అయ్యో, వస్తానక్కా" అంది. నేను తెనాలిలో రేపల్లె రైలెక్కి దారంతా ఏం మాట్లాడాలో అనుకుంటూ వెళ్ళాను. 'ఇది మా సహోద్యోగి రాసిన ఫారం. ఇందులో లోపాన్ని నేను గుర్తించాను' అని మొదలుపెట్టాలి. సహోద్యోగి అన్న మాట దగ్గర హరిత వైపు చూడాలి. అదీ అనుకున్నాను.

రేవు దగ్గర షెడ్డులో ఆడవాళ్ళు చేపలు వేరు చేస్తున్నారు. హరిత అప్పటికే వచ్చి ఉంది. మా ఇద్దరినీ అక్కడికి తీసుకొచ్చిన ఝాన్సీ షెడ్డు బయటే ఆగిపోయింది. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుని గొంతు సవరించుకునేలోపే హరిత వెళ్ళి, బోర్లించిన టబ్బు మీద నాగమ్మ పక్కన కూర్చుంది.

"పిన్నీ, ఝాన్సీ అక్క తప్పేం లేదు. ఆ ఫారం చేసింది నేనే. బోటు నంబరు గడికి తాళం వేసి, అది కనపడకుండా చేశాను. మీ ఐసు నా వల్ల పోయింది."

నాగమ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. "నీ వల్లా? ఎంత పని చేసేవే! మా బోటు ఒడ్డున కూర్చుందే. రొయ్య పడే రోజులు మళ్ళీ వస్తయ్యా?"

"రావు పిన్నీ. తిట్టు, పడతాను. ఆ అక్కని మాత్రం అనకండి."

నాగమ్మ తిట్టింది. మిగతావాళ్ళూ అందుకున్నారు. హరిత ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. తిట్లు అయ్యాక నాగమ్మ చెయ్యి కడుక్కుని "ఏదీ, ఆ తాళం చూపించు," అంది. హరిత బయటికెళ్ళి తెచ్చిన ఝాన్సీ ఫోనులో తన వేలితో తనే నొక్కి, పేజీ పైకి జరిపి, మారని ఆ నంబరుని కాసేపు పొడిచి చూసింది. తర్వాత లేచి బయట ఝాన్సీ దగ్గరికి వెళ్ళింది.

"రేపు గంప తెచ్చుకో. నా పక్కన పెట్టుకుందువు గాని."

ఝాన్సీ పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. "మాట అనే ముందు నన్నొకసారి అడగాల్సింది పిన్నీ."

"అడగాల్సిందే," అంది నాగమ్మ.

మళ్ళీ లోపలికి వచ్చి హరితకి ఒక సంచీలో చేపలు వేసిచ్చింది. అప్పుడు నన్ను చూసింది. "ఈవిడెవరు?"

"తప్పు కనిపెట్టింది ఈ అక్కే పిన్నీ," అంది హరిత.

"ఇన్‌స్పెక్షన్‌కి వచ్చారాండి?" అని ఎవర్నో కేకేసి నాకు కుర్చీ తెప్పించింది. అలా నాకు కుర్చీ, మర్యాద దక్కాయి. హరితకి తిట్లూ చేపలూ దక్కాయి. నాకు దక్కినవి ఇచ్చేసి ఆమెవి తెచ్చుకోవాలనిపించింది.

ఆ ఫారంలో రీడ్ ఓన్లీ తీసేశాం, ఆటోఫోకస్ తీసేశాం. ఇప్పుడు తెరవగానే మొట్టమొదట 'ఎవరి బోటుకి?' అని అడుగుతుంది, ఒకే ఫోను నుంచి ఎన్ని బోట్లకైనా బుక్ చేయొచ్చు. ఇప్పుడు ఏ ఫారం చేసినా ఒక ఫోనునే చేతులు మార్చి నలుగురితో నింపించకుండా బయటికి పంపం. వృత్తిపరంగా నేను నేర్చుకున్నది అది.

రెండోది కూడా ఉంది. నేను బయలుదేరుతుంటే ఝాన్సీ వెనకే వచ్చి, "మా ముఖం ఎరగరు, అంత ఓపిగ్గా ఎలా వెతికారక్కా?" అని అడిగింది. అలవాటేనమ్మా అని చెప్పి రైలుకి టైమైందన్నాను. కుళ్ళు అని ఎలా చెప్పను? హరితంటే ఇష్టమున్న వాళ్ళంతా ఆ ఫారం చూశారు, మెచ్చుకున్నారు, పక్కన పెట్టేశారు. ఆమెని చూస్తే ఓర్వలేనిదాన్ని కనుకే చివరి లైను దాకా చదివాను, చదివినా దొరక్కపోతే ఝాన్సీని పక్కన కూర్చోబెట్టుకుని మరీ వెతికాను. అందరం మంచివాళ్ళమే అయ్యుంటే ఝాన్సీ ఈపాటికి దొంగగా మిగిలిపోయేది.

హరితని చూస్తే ఇప్పటికీ కడుపు మంటే. ఆమె కొత్త ఫారం ఏది రాసినా మొదట నేనే తెరుస్తాను.